మువ్వ ఆగిన మధ్యాహ్నం

కుర్చీలమ్మను ఎరగనివాళ్ళు ఆ వీధిలో లేరు. పుట్టుకతోనే చూపు లేదు కానీ, చిరిగిన పేము కుర్చీ చేతికిస్తే సాయంత్రానికి కొత్తదానిలా అల్లి పెడుతుంది. పని బాగుందంటారు, కూలి దగ్గరకొచ్చేసరికి "నీకిది చాల్లే" అంటారు. మొగుడు లారీల దగ్గర మూటలు మోస్తాడు. చూపులేని మనిషికి గది ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు, స్టవ్వు ముట్టించి కొంప తగలబెడుతుందట. చివరికి మొగుడి అక్కగారే తన ఇంట్లో కింది గది ఇచ్చింది. అద్దె సగమే, పెత్తనం మాత్రం రెట్టింపు.

పిల్ల పుట్టాక ఆ వదినది ఒకటే మాట: "ఇంకొక్క పొరపాటు జరిగిందా, పిల్లను పైకి తీసుకుపోయి నేనే పెంచుతాను." మొదటి పొరపాటేమిటో ఆవిడకే తెలియాలి. ఆ భయంతోనే కుర్చీలమ్మ పాకే పిల్ల గౌనుకు మువ్వ కుట్టి, చెవి అటే వేసి అల్లుకునేది.

ఆ మధ్యాహ్నం మువ్వ ఆగిపోయింది.

"బుజ్జీ" అని పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పేము నానేసిన బకెట్లో చెయ్యి పెట్టి దేవింది. మంచం కింద, కుర్చీల సందున, తలుపు వెనక తడిమింది. కేక వేస్తే పైనుంచి వదిన దిగుతుంది, దిగితే పిల్ల దక్కదు. వేయకపోతే పిల్ల బతుకుతుందో లేదో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే కళ్ళున్న తల్లిని చూస్తే లోకం నవ్వి ఊరుకుంటుంది. ఈమె విషయంలో అలా నవ్వి ఊరుకోదు.

నా దగ్గర లేకపోతే పోనీ, బతికుంటే చాలుననుకుంది. "వదినా, రండి, పిల్ల దొరకడం లేదు" అని గొంతు చించుకుంది.

"ఇక్కడే ఉన్నాలే" అంది వదిన, ఆ గది మూలనుంచే. "నువ్వు పేము తడుపుతున్నప్పుడే వచ్చాను. దాని నోట్లో బిస్కెట్టు పెట్టి, మువ్వ గుప్పిట్లో పట్టుకున్నా. ఏం చేస్తావో చూద్దామని."

పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఇంకో భయం పట్టుకుంది. ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా చప్పుడు చేయకుండా కూర్చుని చూసిందో.

"నీవల్ల కాదమ్మాయ్. పైకి తీసుకెళ్తున్నా" అంది వదిన, నిజంగానే జాలిగా.

కాదంటే రేపటికి తలదాచుకునే చోటుండదు. అది తెలిసీ వదిన కన్నా ముందు గుమ్మం చేరి, రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"గది మీదే వదినా, ఖాళీ చేసేస్తాం. పిల్లను ఇచ్చి వెళ్ళండి."

వదిన ముఖంలో ఏముందో తెలియదు. పిల్ల ఇంకా చేతికి రాలేదు, ఆమె గుమ్మం వదల్లేదు.