మనూరులో తొమ్మిది వారాల వాక్యం

సికింద్రాబాదులో ఉదయం ఏడింటి రైలెక్కాను. అక్కడి బైబిలు పాఠశాలలో నేను హెబ్రీ భాష చెబుతాను. మనూరు ఉపదేశి దావీదు మీద సంఘపెద్ద యోహాను ఫిర్యాదు రాశాడు. తొమ్మిది వారాలుగా ఒకే వాక్యం చదువుతున్నాడట, అడిగితే ‘షామా’ అనే హెబ్రీ మాట చెప్పి నోరు మూయిస్తున్నాడట. నిజమైతే పనిలోంచి తీసెయ్యమని పైవాళ్లు నాకు అధికారమిచ్చారు. షామా అంటే వినడం. ఆ మాత్రానికి తొమ్మిది వారాలా? సోమరితనానికి హెబ్రీ ముసుగు వేశాడనుకున్నాను.

ఒంటిగంటకు జహీరాబాదులో దిగి, జొన్నరొట్టె తిని నారాయణఖేడ్ బస్సెక్కాను. అటు వెళ్లేవాళ్లు నీళ్లు వెంట తీసుకెళ్లడం మంచిది. మనూరు పేరెత్తగానే పక్కనున్న కందుల వ్యాపారి నన్ను ఎగాదిగా చూశాడు. “ఎవల తరపున పోతున్నవ్?” అన్నాడు. పనిమీద అన్నాను. అతను తన సంచి అవతలికి జరుపుకున్నాడు. నేనూ నా సంచి ఒళ్లోకి తీసుకున్నాను.

ఐదింటికి నారాయణఖేడ్ చేరి ముసాఫిర్‌ఖానాలో బస చేశాను. మర్నాడు ఆదివారం, అద్దెబండిలో తొమ్మిదింటికి మనూరు.

దావీదు ప్రార్థనలో ఆ తొమ్మిది వారాల వాక్యమే చదివాడు. తప్పిపోయిన ఎద్దు కనబడితే చూడనట్టు పోవద్దు, దాని యజమానికి తోలిపెట్టు అని. “ఇన్నరా?” అని అడిగాడు. పుస్తకం మూసేశాడు. నాకు ఒళ్లు మండింది. బయటికి పిలిచి, ఈ పద్ధతి ఎవరు నేర్పారని నిలదీశాను.

“మీరే, అయ్యగారూ. ఎండకాలం తరగతిల చెప్పిండ్రు. షామా అంటె చెవులబడుడు గాదు, ఇని చేసుడు, చెయ్యనోడు ఇననట్టే అని. వీళ్లింక ఇనలే. కొత్తది ఎట్ల చెప్పాలె?”

పాఠం నాదే. అతని ముఖం మాత్రం గుర్తులేదు. చెయ్యనివాడు ఎవరంటే పేరు చెప్పలేదు. నా మాటే నాకు అప్పజెప్పి తప్పించుకుంటున్నాడని అనుమానం పెరిగింది.

యోహాను ఇంట్లో కోడికూరతో భోజనం. అతి వినయం ధూర్త లక్షణమంటారు, మర్యాద కాస్త ఎక్కువైంది. దావీదును తీసేసే కాగితం ఇవాళే రాయమని రెండుసార్లు అన్నాడు. నేనూ దాదాపు రాసేవాణ్ణే. మూడు దాటాక, నారాయణఖేడ్‌లో దింపుతానని తన బండి కట్టాడు.

ఊరి చివర కుడివైపు ఎద్దు ఒక గుడిసె వైపు తిరిగి గుమ్మం ముందు నిలబడిపోయింది. యోహాను ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. లోపలినుంచి ఓ విధవరాలు వచ్చి దాని గంగడోలు నిమిరింది.

“వానలు వడ్డయ్. ఒంటెద్దుతోని దుక్కి ఎట్లయితది, అయ్యా?” అని నన్నడిగింది.

అదే తన దొడ్లోకి వచ్చిందని యోహాను గొణిగాడు. అతని కోడికూర తిన్నందుకు నాకు సిగ్గేసింది. దిగి కాడి పలుపు విప్పాను. మరి మీరెట్లా పోతారని అడిగాడు. నడుస్తానన్నాను. సంగతి తెలిసి పరుగున వచ్చిన దావీదు, నా సంచి మోస్తూ క్రోసెడు దూరం తోడొచ్చాడు. వచ్చే ఆదివారం కొత్త వాక్యం చదువుతానన్నాడు.

మర్నాడు రైల్లో, ఉపదేశిని కదల్చవద్దని నివేదిక రాశాను. పదకొండేళ్లుగా ఆ క్రియకు అర్థం నల్లబల్ల మీద రాస్తున్నాను. దావీదు లెక్కన నేను దాన్ని విన్నది నిన్న మూడున్నరకు.