మగ్గం మీద బొగ్గు ముద్ర

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, మనవరాలి పలక మీద. అంతకుముందే ఈ సంగతి ఎవరిచేతనైనా రాయించి ఉండొచ్చు. రాసేవాళ్లు తమ మాట ఒకటి కలుపుతారని భయపడి ఊరుకున్నాను. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. వీధిలో ఎవరికైనా పూనకం వస్తే నేను నా పని చూసుకునేదాన్ని.

మాది నగరి. నా భర్త పంచెలు నేసేవాడు. యుద్ధం వచ్చి నూలు దొరకక వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన మద్రాసు పోయి, సిపాయిలను మోసే ఓడలో బొగ్గు వేసే పనికి చేరాడు.

పోయేనాటికి మగ్గం మీద పంచె సగమే అయింది. ఆపినచోట గుర్తుకు అంచులో ఎర్రపోగు వేశాడు. నేను నూలు చుట్టి ఇచ్చిన నిండు కండెను, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి, "నేనొచ్చి నేస్తా, ఎవురూ తాకొద్దండి" అన్నాడు. మా ఇళ్లలో సగం నేసిన బట్టను కోయరు. కోస్తే నేసినవాడు మళ్లీ ఆ మగ్గం గుంతలో కూర్చోడంటారు. మా అత్త ఆ గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుంది.

ఆయనకూ చదువు రాదు. ఉత్తరాలు ఓడలో ఎవరో రాసేవాళ్లు, ఇక్కడ బడి అయ్యవారు చదివేవాడు. ఓడకు బూడిదరంగు పూశారని, రాత్రిళ్లు పైన బీడీ కూడా ముట్టించనివ్వరని, పోయేటప్పుడు సిపాయిలు, కంచరగాడిదలు, వచ్చేటప్పుడు దెబ్బలు తగిలినవాళ్లు అని. ఊళ్ల పేర్లున్న చోట నల్లసిరా పూసి ఉండేది. నేను చదవగలిగింది ఒక్కటే, చివర ఆయన వేలిముద్ర. బొటనవేలికి అడ్డంగా పాత కోత. అంతా చెప్పి, మళ్లీ చదివించుకుని విన్నాకే వేలు పెడతానని ఒకసారి రాయించాడు.

తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. కొన్ని నెలలకు సర్కారు కాగితం వచ్చింది. ఓడ మునిగింది, ఆయన దొరకలేదు. కర్మ చేయమన్నారు పెద్దలు. శవం చూపిస్తే చేస్తానని అత్త వాళ్లను పంపేసింది. నా గాజులు ఉంచుకోవాలో తీసేయాలో ఎవరూ తేల్చలేదు. పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, పలకరించి ఓదార్చేవాళ్లూ లేరు.

ఒక మధ్యాహ్నం నేనూ అత్తా వాకిట్లో రాగులు చెరుగుతున్నాం. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు. ఆ రోజుల్లో వీధి మొత్తంలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. అత్త చేతిలో చాట ఆగిపోయింది. అంటే ఆమెకూ వినపడింది. తాళం తీసేలోపు చప్పుడు నిలిచిపోయింది.

లోపల ఎవరూ లేరు. ఆ గదికి ఇంకో వాకిలి లేదు, పైన వెలుతురుకు ఒక గాజుపెంకు తప్ప. ఎర్రపోగు దాటి జానెడు కొత్త నేత ఉంది. నాడెలో కండె ఖాళీ. నేత చివర, తెల్లటి బట్ట మీద బొటనవేలి బొగ్గు ముద్ర. అడ్డంగా కోత. పెట్టెలోంచి ఉత్తరం తెచ్చి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే.

"వచ్చినాడు సూడు. బతికే ఉండాడు నా బిడ్డ" అంది అత్త.

నేను ఉత్తరం మడిచాను.

"అంతా చెప్పినాకే గదత్తా నీ కొడుకు వేలు పెట్టేది."

ఆమె నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ పూట ఇద్దరం అన్నం ముట్టలేదు.

ఉన్నది ఒకటే తాళంచెవి, అది ఆమె నడుము దాటలేదు. ఆ జానెడు ఎవరు నేశారో నాకు ఈరోజుకీ తెలియదు. ఎలుకలు బట్టను కొరుకుతాయి గానీ నేయవు.

మరుసటి రోజు పొద్దున అత్తే తాళం తీసింది. నేను గుంతలోకి దిగి, ముద్రకు రెండు వేళ్ల అవతల కత్తెర పెట్టాను. పోగులు వదులై కత్తెరకు తెగలేదు. అత్త వచ్చి నా పక్కన కూర్చుని, పడుగు బిగించి పట్టుకుంది. అప్పుడు కోశాను.