ఆఖరి వరసలో ఎనిమిది సొరుగులు

ఆ రోజుల్లో మన దేశంలో బి.ఫార్మసీ చదివి, పెళ్ళి చేసుకుని అమెరికాలో దిగిన అమ్మాయికి మెడలో నల్లపూసలు ఉండేవి, సూట్‌కేసులో పట్టా ఉండేది, చేతిలో మాత్రం పని ఉండేది కాదు. ఇక్కడి పరీక్షలు పాసై లైసెన్సు తెచ్చుకునేదాకా ఆ పట్టా ఎవరికి చూపించినా "వెరీ నైస్" అని మళ్ళీ మన చేతికే ఇచ్చేవారు. (ఒక మందుల షాపు ఆయన మాత్రం దాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. నాకు ఆశ పుట్టింది. చివరికి ఆయన అడిగింది, "ఈ ముద్రలో ఉన్నవి పాములా, పూలతీగెలా?" అని.) ఇది ఎనభైల మొదటి సంగతి. మేము జెర్సీ సిటీలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మా ఆయన పొద్దున్నే ఒక బాయిలర్ల కంపెనీలో డ్రాయింగులు గీయడానికి వెళ్ళిపోయేవారు. నేను పరీక్ష పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని, ఎదురింటివాళ్ళు కిటికీలో ఏం చేస్తున్నారో చదివేదాన్ని.

అలాంటి రోజుల్లో మా బిల్డింగ్ లాండ్రీలో పరిచయమైన ఒక చైనా ఆవిడ ఒక కబురు తెచ్చింది. న్యూయార్క్ చైనాటౌన్‌లో వాళ్ళ బంధువులకి మూలికల షాపు ఉందట. సరుకు ఓడలో వచ్చిన ప్రతిసారీ కస్టమ్స్ వాళ్ళు ఏ వేరు ఏదో తెలియక పెట్టెలు ఆపేస్తున్నారట. లాటిన్ పేర్లు తెలిసిన మనిషి కావాలట. మర్నాడే రైలెక్కి వెళ్ళాను. షాపు ముసలాయనది, వ్యవహారం కోడలిది. ఆ కోడలుగారు నన్ను కూర్చోబెట్టి ఒక ఎండు వేరుముక్క చేతిలో పెట్టింది. కొరికి చూశాను, తియ్యగా ఉంది. "గ్లిసరైజా!" అన్నాను. (ప్రాక్టికల్ పరీక్షలో ఈ ముక్కే నాకు రాకపోతే పక్క బల్ల అమ్మాయి పెదవులు కదిపి చెప్పింది. అందుకే మర్చిపోలేదు.) "ఏమిటీ?" అందావిడ. నేను కంగారులో "అతిమధురం" అనేశాను. ఆవిడ రెండూ రాసుకుంది. ఉద్యోగం వచ్చేసింది. తర్వాత కొన్నాళ్ళపాటు కస్టమ్స్ కాగితాల్లో ఆ వేరు పేరు అతిమధురం అనే వెళ్ళింది, ఎవరూ అడ్డు చెప్పలేదు కూడా.

"న్యూయార్క్‌లో మందుల షాపులో ఉద్యోగం" అని కాకినాడకి ఉత్తరం రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మా నాన్నగారు మాత్రం తెల్లకోటు, గాజు తలుపులు, ఏసీ గది ఊహించుకుని వీధిలో అందరికీ చెప్పుకున్నారు. నేను పనిచేసే చోట ఒక పక్క చేపల దుకాణం, ఇంకో పక్క బాతులు వేలాడే హోటలు. మధ్యలో మా షాపు. శాకాహారం ఇంట్లో పుట్టినదాన్ని, రోజూ ఊపిరి బిగబట్టి స్టేషన్ నుంచి షాపుదాకా ఒక్క పరుగున వచ్చి లోపల పడేదాన్ని. లోపల అడుగు పెడితే మటుకు ప్రాణం లేచొచ్చేది. శొంఠి, దాల్చినచెక్క, ఎండు రేగుపళ్ళు, కమలాపండు తొక్కలు, చేమంతిపూలు, అన్నీ కలిసిన వాసన. అచ్చం మా ఊళ్ళో పచారీ కొట్టు.

ముసలాయనకి నేను పెట్టుకున్న పేరు త్రాసు తాతగారు. వేలెడంత పుల్ల, దానికి దారాలతో వేలాడే చిన్న పళ్ళెం, అదే ఆయన త్రాసు. ఆయన వెనక గోడంతా సొరుగులే. పన్నెండు వరసలు, వరసకి ఎనిమిది. వాళ్ళ నాన్నగారు చైనాలో నడిపిన షాపులో ఎలా ఉండేవో ఇక్కడా అలాగే చేయించుకున్నారట. కాగితం చూస్తూ చెయ్యి వెనక్కి చాచి, తల తిప్పకుండా సొరుగు లాగేవారు. హార్మోనియం వాయించేవాడు మెట్లకేసి చూడడు చూడండి, అలాగ. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు పది మాటలు, నాకు వచ్చిన చైనా మాటలు మూడు. అయినా మధ్యాహ్నం నేను పెరుగన్నం తింటుంటే ఆయన పక్కనే కూర్చుని, ఆ గిన్నెలోకి చూసి, "కోల్డ్. నో గుడ్" అని రోజూ ఒక కప్పు వేడి టీ నా ముందు పెట్టేవారు.

సొరుగుల మీద పేర్లన్నీ చైనా అక్షరాల్లో ఉండేవి. పక్కన ఇంగ్లీషు చీటీలు అంటిస్తానంటే తాతగారు ఒప్పుకోలేదు. అందుకని నేనొక నోటుబుక్కులో గోడ బొమ్మ గీసుకుని, ఏ గడిలో ఏముందో తెలుగులో రాసుకున్నాను. తెలిసినవాటికి పేర్లు, తెలియనివాటికి పోలికలు: "మూడో వరస, రెండోది: మేనత్త జడ." "అయిదో వరస, ఏడోది: తాటిచాప ముక్కలు." ఇలా పదకొండు వరసలు పూర్తయ్యాయి. పన్నెండో వరస మొదటి సొరుగు తెరిచాను. పుల్లలకి సాగదీసి కట్టిన ఎండు బల్లులు, తోకలతో సహా! మీద బల్లి పడితే ఏం చెయ్యాలో పంచాంగంలో ఉంది. మనమే వెళ్ళి బల్లుల మీద పడితే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. రెండో సొరుగు కొంచెమే తెరిచాను. కాళ్ళు కనిపించాయి, చాలా కాళ్ళు. మూసేసి, ఆ వరస ఎనిమిది గళ్ళలోనూ ఒకే మాట రాశాను: "వద్దు."

ఆ చలికాలం, చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి వారం ముందు, షాపులో పెద్ద కబురు. తాతగారి తమ్ముడు చైనా నుంచి వస్తున్నాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. మధ్యలో చాలా ఏళ్ళు ఉత్తరాలు కూడా లేవు. తాతగారు ఆ వారమంతా తప్పుగా తూచడం, కోడలు సరిదిద్దడం. తమ్ముడు దిగే రోజు షాపు మూసి ఇద్దరూ ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరారు. తలుపు దగ్గర తాతగారు ఆగి నాకేసి వేలు చూపించి, "యూ, సిట్. నో టచ్" అన్నారు.

నేను, పెద్దవాళ్ళు "నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా" అంటే వెంటనే లేచి కొంగు దోపుకోవాలని నేర్పిన ఇంటి నుంచి వచ్చినదాన్ని. ముప్ఫై ఏళ్ళ తర్వాత తమ్ముడు వస్తున్నాడు, సొరుగుల పిడులకి ఇంత మట్టి! అన్నీ బయటికి లాగి, తడిగుడ్డతో తుడిచి, వరస ప్రకారం దొంతర్లు పెట్టి నేలమీద ఆరబెట్టాను. ఆఖరి వరసని మాత్రం పటకారుతో పట్టినట్టు, మొహం పక్కకి తిప్పుకుని లాగాను. నడుం నిలబెట్టి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. అప్పుడు సరుకు తెచ్చేవాడు తలుపు కొట్టాడు. రేగుపళ్ళ బస్తాలు. నేను వెనకగదిలో రసీదు వెతుకుతుండగా ఆ మంచి మనిషి బస్తాలకి చోటు చెయ్యడానికి నా దొంతర్లన్నీ ఎత్తి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, బల్లమీద, కుర్చీల్లో, మెట్లమీద సర్దిపెట్టాడు. "లుక్స్ గుడ్, లేడీ" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను నేలమీద కూలబడ్డాను. ఉద్యోగం పోతుందన్న భయం తర్వాత వచ్చింది. ముందు కళ్ళకి కట్టింది తాతగారి చెయ్యి. తమ్ముడి ముందు గర్వంగా వెనక్కి చాచి, అతిమధురం అనుకుని ఇంకేదో లాగే ఆ చెయ్యి. లేచాను. నోటుబుక్కు తీశాను. ఒక్కొక్క సొరుగులో ముక్కు పెట్టి, వేలు పెట్టి, అవసరమైతే కొరికి, "ఇది మేనత్త జడ, ఇది కరక్కాయ, ఇది తాటిచాప" అనుకుంటూ ఎనభై ఎనిమిది సొరుగులూ వాటి చోటుకి చేర్చాను. నా జీవితంలో ఏ ప్రాక్టికల్‌లోనూ అంత బాగా చెయ్యలేదు. తర్వాత పేజీ చివరికి వచ్చాను. వద్దు, వద్దు, వద్దు, వద్దు. ఎనిమిది వద్దులు. ఏది ఏ వద్దో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని, చేతికి ఏది దొరికితే అది తోసేశాను. చిట్టచివరిది లోపలికి వెళుతుండగానే బయట తాళం తిరిగింది.

తమ్ముడుగారు అచ్చం తాతగారిలాగే ఉన్నారు, కాకపోతే ఇంకా సన్నగా, ఎండలో మాగినట్టు. నీలం కోటు, మెడదాకా గుండీలు. అన్నదమ్ములిద్దరూ చెరో కుర్చీలో, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నారు, డాక్టరుగారి దగ్గర పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళలాగా. తాతగారు ఏదో ఒక ముక్క అంటారు, ఆయన తల ఊపుతాడు. ఆయనొక ముక్క అంటాడు, ఈయన తల ఊపుతారు. కోడలుగారు టీ పోస్తూ నా చెవిలో, "ఎయిర్‌పోర్ట్ నుంచీ ఇంతే. విమానం ఎలా ఉంది, బాగుంది. చలిగా ఉందా, ఉంది. అంతే" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మామయ్యగారు ఈ రోజు కోసం ఎన్నేళ్ళు చూశారో తెలుసా? ఇప్పుడు మాటే రావట్లేదు."

మాటలు లేక తమ్ముడుగారు టీకప్పుతో లేచి సొరుగుల గోడ ముందు నిలబడ్డారు. పై నుంచి మొదలుపెట్టి పేర్లు చదువుకుంటూ కిందికి వస్తున్నారు. ఆయన ఒక్కో వరస దిగుతుంటే నా గుండె ఒక్కో మెట్టు దిగుతోంది. పన్నెండో వరస దగ్గర ఆయన మోకాళ్ళమీద కూర్చున్నారు. కప్పు నేలమీద పెట్టారు. వెనక్కి తిరిగి గట్టిగా ఏదో అన్నారు. తాతగారు చివాల్న లేచి వచ్చి వంగి చూసి, అంతకంటే గట్టిగా ఏదో అన్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి.

"ఏమంటున్నారు?" అని కోడలుగారిని అడిగాను.

"చిన్న మామయ్యగారు, 'ఇదేం వరస? బల్లులు చివర కదా ఉండాలి, నాన్న అలాగే పెట్టేవాడు' అంటున్నారు. మా మామయ్యగారు, 'వరస ఎవరో చెడగొట్టారు, కానీ బల్లులు చివర కాదు, మొదట' అంటున్నారు." ఆవిడ ఆగి వింది. "'షాపు తుడిచింది నేను, నాకు తెలియదా?' అని తమ్ముడు. 'మందు కట్టింది నేను' అని అన్న."

ముసలాళ్ళిద్దరూ నేలమీద చతికిలబడి ఎనిమిది సొరుగులూ బయటికి లాగారు. కీచురాళ్ళు వదిలేసిన పెంకులు, వానపాములు, జెర్రులు, గుర్రం మొహం చేపలు, అన్నీ నేలమీద. ఒకరు పెట్టిన వరసని ఇంకొకరు మారుస్తున్నారు, చేతులమీద కొట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి తమ్ముడుగారు ఒక బల్లిని పైకెత్తి ఏదో అన్నారు. తాతగారు ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, పగలబడి నవ్వారు. నేను ఆ షాపులో ఆయన నవ్వు వినడం అదే మొదలు. కోడలుగారు నవ్వుతూనే చెప్పింది: చిన్నప్పుడు తమ్ముడు బతికున్న బల్లిని పట్టుకొచ్చి వాళ్ళ నాన్న షాపులో బల్లుల సొరుగులో పెట్టాడట. అది ఎగిరి ఒక పెద్దమనిషి గడ్డంలో పడిందట. వాళ్ళ నాన్న బెత్తం తీస్తే, నేనే పెట్టానని చెప్పి దెబ్బలన్నీ అన్న తిన్నాడట. నవ్వు ఆగేసరికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. తమ్ముడు అన్న భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత మాటలకి అంతులేదు.

ఎంతసేపటికో తాతగారికి నేను గుర్తొచ్చాను. "యూ?" అన్నారు. తల ఊపాను. నోటుబుక్కు చూపించమన్నారు. ఎనిమిది గళ్ళలో ఒకే మాట ఉండటం చూసి అదేమిటన్నారు. చెప్పక తప్పలేదు. కోడలుగారు అనువదించగానే తాతగారు నన్ను తమ ఇద్దరి మధ్యా నేలమీద కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ నా అరచేతిలో పెట్టి, పేరు చెప్పి, నేను తిరిగి చెప్పేదాకా తియ్యలేదు. నా ఉచ్చారణ తమ్ముడుగారు దిద్దారు. బల్లి వంతు వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. "ఓపెన్" అన్నారు తాతగారు. తెరిచాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తిన్నగా స్నానాలగదిలో దూరితే మా ఆయన బయట నుంచి, "ఏమోయ్, కోటు కూడా విప్పకుండా వెళ్ళావేం? ఆఫీస్‌లో ఏమైనా ప్రాబ్లమా?" అని అడిగారు. "ప్రాబ్లమేం లేదండీ, ట్రైనింగ్ అయింది" అన్నాను.

ఇక ఉద్యోగం పోవడం సంగతి. మర్నాడు బితుకుబితుకుమంటూ వెళ్ళాను. నా బల్లమీద ఎర్రకాగితంలో చుట్టిన కమలాపళ్ళు, అంత ఎత్తున. "ఇవెందుకు?" అన్నాను. కోడలుగారు చెప్పింది: "మామయ్యగారు వీధంతా చెబుతున్నారు. మేమిద్దరం మూగవాళ్ళలా కూర్చుంటామని ఈ ఇండియా అమ్మాయి ముందే కనిపెట్టిందట. మాట్లాడించాలని కావాలనే వరస మార్చిందట. పైన ఎనభై ఎనిమిదీ తప్పు లేకుండా పెట్టి, కిందవి మాత్రమే ఎలా తప్పుతాయి, ఆ 'వద్దు' వట్టి సాకు అంటున్నారు. చదువుకున్న బుర్ర అంటున్నారు." తాతగారు దూరం నుంచి నాకేసి చూసి, తల చాలా గౌరవంగా వంచారు.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ప్రమాణపూర్తిగా తెరిచాను. కానీ ఆయన మొహంలో ఆ సంతోషం చూశాక మూసేసి, మహా తెలివైనదానిలా నేనూ తల వంచాను. ఆ మరుసటేడు లైసెన్సు వచ్చి వేరే చోటికి వెళ్ళేదాకా ఆ వీధిలో నన్ను చూసి లేచి నిలబడనివాళ్ళు లేరు. చేపల దుకాణం ఆయన కూడా. ఇప్పుడు తాతగారూ లేరు, తమ్ముడుగారూ లేరు, చెప్పుకోవడానికి మీరే ఉన్నారు. చేతకానితనాన్ని మెచ్చుకున్నా అంత నిబ్బరంగా తల వంచి అందుకున్న ఆ పాతికేళ్ళ పిల్ల గుర్తొస్తే, ఇన్నేళ్ళకి కూడా నాకు సిగ్గేస్తుంది, దాన్ని దగ్గరికి తీసుకుని ఒక కమలాపండు వొలిచి పెట్టాలనీ అనిపిస్తుంది.