ఆయిల్ దిగే తొవ్వ

మిస్త్రీ సాబ్ ఇక లేరని దేవరకొండ బస్టాండులో కల్వకుర్తి బస్సు కండక్టరు చెప్పాడు. "నిన్న మధ్యాహ్నం నమాజు చేసుకొని నడుం వాల్చిండట. మళ్ల లేవలే" అన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు చల్లారిపోయింది. నాకు సొంత అన్న లేడు. ఉండి పోయినా ఇంతకంటే ఎక్కువ బాధపడేవాణ్ణి కాదేమో.

మీకు ఆయన తెలియరు. కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో రాళ్లు మోసే డంపర్లను బాగుచేసేవారు. నేను అందులో ఒకదానికి డ్రైవరును. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్లన్నీ ఎర్ర దుమ్ములో కన్న కల. దుమ్ములోంచి మనుషులు వచ్చేవారు, దుమ్ములోకే పోయేవారు. వాళ్ల మాటలు మాత్రం కాసేపు గాలిలో ఉండేవి.

నా బండి ఇంజన్‌కు టర్బో ఉండేది. పొగతో పాటు పోయే వేడిగాలికి గిర్రున తిరిగి, ఇంజన్‌కు ఇంకాస్త గాలి అందించే చక్రం అది. దాని ఇరుసుకు ఒక సన్నని గొట్టం ఆయిల్ తెచ్చిస్తుంది. ఇంకో లావు గొట్టం ఆ ఆయిల్‌ను కింద ఇంజన్ తొట్టిలోకి దించుతుంది. మిస్త్రీ సాబ్‌కు ఈ రెండు గొట్టాలంటే ప్రాణం. "వచ్చేటప్పుడు పంపు నెడ్తది తమ్మీ. పోయేటప్పుడు నెట్టెటోడు లేడు, దానంతటదే పోవాలె. తొవ్వ మనమే మంచిగ చేసి పెట్టాలె" అనేవారు.

ఒక ఎండాకాలం నా బండి, ఆయిల్ కాలితే వచ్చే నీలి పొగ కక్కడం మొదలుపెట్టింది. టర్బో విప్పి, ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీళ్లు మార్చినా తగ్గలేదు. సాయంత్రానికి పొగ ఆగకపోతే బండిని మూలకు పెట్టేస్తామని ఓవర్సీరు తేల్చేశాడు. బండి లేకపోతే నాకు పని లేదు. మా ఊరు తిరుమలగిరిలో వానల్లేక మా గొర్రెల మంద కరిగిపోయింది. బాపు నా జీతం మీదే ఇల్లు నడుపుతున్నాడు. ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు.

మిస్త్రీ సాబ్ మాత్రం పానా ముట్టకుండా బండి కింద వెల్లకిలా పడుకున్నారు. కునుకు తీస్తున్నారనుకొని నాకు ఒళ్లు మండింది. చాలాసేపటికి కింద నుంచి నవ్వు వినిపించింది.

"తప్పు నాదే తమ్మీ! రాళ్లు తగుల్తయని గీ దించే గొట్టాన్ని నేనే పైకెత్తి తీగెతోని కట్టిన. నడుమల గుట్ట లేసింది. ఆయిల్‌ను గుట్టెక్కుమంటే ఎక్కుతదా?"

"మరి సీళ్లు?"

"వాటిదేం పాపం? పోనీకి జాగా లేక ఆయిల్ వెనుకకు మర్లి సందులకెళ్లి కారుతాంది."

తీగె విప్పారు. గొట్టాన్ని పొట్టిగా కోసి నేరుగా కిందికి దిగేలా అమర్చారు. రాళ్లు తగలకుండా రేకు అడ్డం పెట్టారు. తర్వాత ఎప్పుడూ చేసే పనే చేశారు. గొట్టం పై మూతిలో చాయ్ గ్లాసుతో ఆయిల్ పోయించి, కింది మూతి దగ్గర చెవి పెట్టారు. ఆయిల్ ఎక్కడా ఆగకుండా జారి, కింద పళ్లెంలో పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రాళ్లు నింపుకొని ఎగువకు బయలుదేరాం. ఆయన నా పక్కనే కూర్చున్నారు. మొదట మళ్లీ నీలి పొగే! "ఫికర్ చెయ్యకు. పాతది కాలిపోనియ్యి" అన్నారు. సగం ఎక్కేసరికి పొగ పలుచబడింది, పైకి చేరేసరికి లేదు. సంతోషంతో ఇంజన్ ఆపబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "బంద్ జెయ్యకు. ఇంత దూరం ఉరికొచ్చింది. జర దమ్ తీస్కోనియ్యి."

ఇంజన్ ఆపితే పంపూ ఆగిపోతుంది; లోపల చక్రం నెమ్మదించేదాకా ఆయిల్ అందుతూ ఉండాలి కదా. అప్పటి నుంచి ఆయన నా బండెక్కినప్పుడల్లా ఆ ఎత్తు మీద మా ఇద్దరికీ ఆ కాసేపు దొరికేది. కింద నది వెండితీగలా మెరిసేది, ఇంజన్ మెల్లగా గొణిగేది.

ఆయన ఊరు కల్వకుర్తి వెళ్లి జనాజాకు భుజం పట్టాను. ఒక పిడికెడు మట్టి వేశాను. ఎవరూ నెట్టకుండానే, ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయారు. ఆ సంగతే మనసుకు కాస్త ఊరట.

పొద్దుగూకే వేళ లారీలో ఇల్లు చేరాను. కాళ్లు కడుక్కోవడానికి నా భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఇంజన్ బంద్ జెయ్యరా?" అంది. ఇప్పుడు నేను నడిపే లారీకి టర్బో లేదు. ఆపితే ఏమీ కాదు. అయినా చెయ్యి రాలేదు.

"జర దమ్ తీస్కోనియ్యి" అన్నాను.

ఆమె చెంబును లారీ మెట్టు మీద పెట్టి పక్కన నిలబడింది. అందులో నీళ్లు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.