ఇనుము గెలిచిందని నేను రాయలేను

మా సార్ పోయారు. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఉండగా అమ్మ ఫోన్ చేసింది. అమ్మంటే సార్ భార్య. "బిడ్డా, మీ సార్ లేడు. చాయ్ ఇచ్చిన. చల్లారుతున్నది తాగుమన్న, పలకలే," అంది. పచ్చలైటు పడింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. వాడి మీద అరిచాను. నాకు దేనికైనా ముందు కోపమే వస్తుంది. సార్ దాన్ని చూసే నవ్వేవారు.

ఆయన రసాయన శాస్త్రవేత్త. లోహాన్ని కర్బన అణువులతో ముడివేసి కొత్త పదార్థాలు తయారు చేయడం, వాటిని ఉత్ప్రేరకాలుగా వాడడం ఆయన జన్మంతా చేసిన పని. "ఉత్ప్రేరకమంటే పెళ్లిళ్ల పేరయ్యరా. ఇద్దర్ని కలుపుతడు, తను మాత్రం ఆ ఇంట్ల ఉండడు," అనేవారు. మందుల తయారీలో అణువులను కలపడానికి పల్లాడియం వాడతారు. బంగారంలాంటి ఖరీదు దానిది. అదే పనిని ఇనుముతో చేయించాలన్నది సార్ పట్టుదల.

నేను ఎమ్మెస్సీ అయ్యాక ఎస్.ఆర్. నగర్‌లో గది తీసుకుని, ఫుట్‌పాత్ మీద దొరికిన కరపత్రాలన్నీ చదివి, లోకాన్ని మార్చే తొందరలో ఆయన ల్యాబ్‌లో చేరాను. మొదటిరోజే ఉపన్యాసం ఇచ్చాను. "సార్, పల్లాడియం ధనికుల లోహం. ఇనుము ప్రజల లోహం!"

"మస్తుగున్నది. జర ఆ ఫ్లాస్కు కడుగు, కరపత్రం," అన్నారు. ఆ పేరు నాకు స్థిరపడిపోయింది.

మేం చేసే పదార్థాలకు గాలి తగిలితే చావే. అందుకే ఫ్లాస్కులోకి నైట్రోజన్ పంపిస్తూ పని చేస్తాం. "గాలికి మర్యాద తెల్వది, పిలవకుండనే వస్తది," అనేవారు. గొట్టం మూత తీసే ముందు ఆయన తన ఊపిరి కూడా బిగబట్టేవారు. దానివల్ల ఉపయోగమేమీ లేదని ఆయనకూ తెలుసు. అయినా బిగబట్టేవారు.

ఇనుముతో పని జరిగింది. పరిశోధన పత్రం అచ్చయింది. ఆ సంబరంలో అమీర్‌పేటలో చాయ్ తాగుతూ నేను విప్లవం వచ్చేసినట్టే మాట్లాడాను.

ఫ్లాస్కులో ద్రవాన్ని కలియతిప్పడానికి ప్లాస్టిక్ తొడుగున్న చిన్న అయస్కాంతం బిళ్ల ఒకటి వేస్తాం. సార్ దగ్గర తాను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పటి బిళ్ల ఉండేది. పసుపెక్కి, గీతలు పడి, చూడ్డానికి ముసలి పన్నులా ఉండేది. చేతికి కలిసొచ్చిన బిళ్ల అని దాన్నే వాడేవారు. ఒకరోజు అది కనబడక కొత్తది వేశాం. రసాయన చర్య జరగలేదు. మళ్లీ చేశాం. జరగలేదు. ఇంకొకరైతే పాత బిళ్లను వెతికి వేసి ఊరుకునేవారు. సార్ దాన్ని వెతికి, అసలు ఇనుమే లేని ఫ్లాస్కులో వేశారు.

చర్య జరిగింది.

ఎన్నో ఏళ్ల కిందట ఆయన వాడిన పల్లాడియం ఆ గీతల్లో దాక్కుని ఉంది. ఇన్నాళ్లూ పెళ్లిళ్లు చేసింది అదే. ఇనుము ఊరికే కూర్చుంది.

"ఎవరికి తెలుస్తది సార్?" అన్నాను.

"ఫ్లాస్కుకు తెలుసు కద."

"ఫ్లాస్కు మాట్లాడదు సార్!"

"అందుకే మనం మాట్లాడాలె."

సార్ వాళ్లది నేత కుటుంబం. పోగు తప్పుపడితే వాళ్ల నాన్న నేసిందంతా విప్పేవాడట. కొనేవాడికి కనబడదు కదా అంటే, నాకు కనబడ్డది అనేవాడట. సార్ కూడా విప్పేశారు. తన పత్రాన్ని తానే వెనక్కి తీసుకున్నారు.

తర్వాత ప్రాజెక్టు పోయింది. తోటివాళ్లు వెనకాల నవ్వారు. రిటైరయ్యాక మైత్రీవనం పక్కన ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పారు. గోడ అవతల సాఫ్ట్‌వేర్ క్లాసు మైకు మోగుతుంటే, ఇవతల సార్ గొంతు చించుకునేవారు. నేను అక్కడికి వెళ్లి, ఈ దేశానికి సిగ్గులేదని అరిచాను. "కోపం మంచిదే. కాని అది సుత ఉత్ప్రేరకం లెక్క ఉండాలె. నువ్వే కరిగిపోతున్నవ్ గదరా," అన్నారు.

ఆయన మాత్రం ఇనుమును వదల్లేదు. ఒక పాత శిష్యుడు తన చిన్న ల్యాబ్‌లో ఆదివారాలు ఒక మూల ఇచ్చాడు. ఇటీవల ఒక ఆదివారం కొత్త ఫ్లాస్కు, కొత్త బిళ్ల, ఊదారంగు స్ఫటికాలుగా వచ్చిన కొత్త ఇనుప ఉత్ప్రేరకం. చర్య జరిగింది.

"రాసేద్దాం సార్!" అని ఎగిరాను.

"ఆగు, కరపత్రం. ఖాళీ ఫ్లాస్కు ఇంక పెట్టలే."

అంటే, మిగతావన్నీ అవే ఉంచి ఇనుము మాత్రం వేయకుండా చేసి చూడాలి. అప్పుడు చర్య జరగకపోతేనే ఇనుము మాట నిజం. వచ్చే ఆదివారం పెడదామన్నారు. ఆ ఆదివారం ఆయన లేరు.

ఆ ఖాళీ ఫ్లాస్కు నేనే పెడదామని ల్యాబ్‌కు పరిగెత్తాను. "యూనిట్ అమ్మేసిన తమ్మీ. ఎప్పటిసంది బేరం నడుస్తుండె, సార్‌కు చెప్ప నోరు రాలే. నైట్రోజన్ లైన్లన్ని విప్పిన్రు," అన్నాడు ఆ శిష్యుడు. ఫ్లాస్కు, బిళ్ల ఏవని అడిగితే, "పాతసామాన్ల కబాడీకి పోయినయ్," అని తల దించుకున్నాడు. ఇంకో చోట అడిగాను. "పేపర్ వెనక్కి తీసుకున్నాయనే కదా?" అన్నారు. మరో చోట గేటు దాటనివ్వలేదు. ఇంత నగరంలో, ఇన్ని మందుల కంపెనీల మధ్య, ఒక ఖాళీ ఫ్లాస్కు పెట్టుకోవడానికి బెత్తెడు చోటు లేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియడం లేదు.

సార్ వాళ్ల పంజాగుట్ట ఇంట్లో అమ్మ నాకు ఆయన మేజోడులో చుట్టిన ఒక గాజు గొట్టం ఇచ్చింది. "పారెయ్యబుద్ధి కాలే బిడ్డా. దీన్ని ఏం జెయ్యాలె?" నాకూ తెలియదు. మిగిలిన స్ఫటికాలు అందులో ఉన్నాయి. ఖాళీ ఫ్లాస్కు పక్కన ఇనుముతోనూ మళ్లీ చేసి చూడాలి, అందుకు ఒక్కసారికి సరిపోతాయి. మామూలు గాలిలో విప్పితే క్షణాల్లో తుప్పవుతాయి.

గదికి వచ్చి కరపత్రం రాయడానికి కూర్చున్నాను. 'ఇనుము గెలిచింది' అని పైన పెద్ద అక్షరాలతో పెట్టాను. కింద ఒక్క వాక్యం కూడా నడవలేదు. చించేశాను. మీకు కూడా ఆ మాట చెప్పలేను. ఓడిందనీ చెప్పలేను. ఖాళీ ఫ్లాస్కు ఇంకా పెట్టలేదు.

గొట్టం నా కిటికీ దగ్గర ఉంది. సార్ మంటలో కరిగించి మూసిన మెడ కాస్త వంకరగా ఉంటుంది. కింద రోడ్డు దుమ్ము లేచి వచ్చి దాని మీద పడుతుంది. చొక్కా అంచుతో తుడిచి వెలుతురుకు పెట్టి చూస్తాను. లోపల ఊదారంగు అలాగే ఉంటుంది. చూసినంతసేపూ నా ఊపిరి బిగబట్టే ఉంటుంది.