కొంగు చివర చప్పుడు

1976 ఆగస్టులో నన్ను బొంబాయి నుంచి విజయవాడ పంపారు. అప్పటికి నేను రేడియేషన్ భద్రతా విభాగంలో సైంటిఫిక్ ఆఫీసర్ని. గవర్నర్‌పేటలోని ఒక ఆసుపత్రిలో, థైరాయిడ్ రోగులకిచ్చే రేడియో అయోడిన్ సీసా పగిలింది. దాన్ని తుడిచిన నర్సు సుగుణ ఒంట్లోకి ఆ మందు ఎంత చేరిందో తేల్చడం నా పని. ఆమెకు రెండో నెల. గర్భం ఉంచాలా, తీయించాలా అన్నది నేనిచ్చే అంకె మీదే ఉందని అక్కడి డాక్టరమ్మగారు నేను రాగానే చెప్పేశారు.

రేడియేషన్ తగిలితే టిక్కుమనే కౌంటర్ నా దగ్గరుంది. సుగుణ చేతుల దగ్గర పెద్దగా మోగలేదు, గ్లవ్స్ వేసుకుందట. గొంతు దగ్గరికి తెచ్చేసరికి గోలగోలగా మోగింది. ఒంట్లోకి వెళ్ళిన అయోడిన్ చేరేది అక్కడికే. మనిషి ఎదురుగా నిక్షేపంగా కూర్చుని ఉంది, పెదవి కదపడం లేదు, గొంతు దగ్గర ఆ చప్పుడు మాత్రం ఆగడం లేదు. 

మరి లోపలికెలా వెళ్ళింది? ఆ రోజు కట్టిన యూనిఫాం చీర ఉతక్కుండా మూటగట్టి ఉంచారు. విప్పించి చూస్తే కొంగు చివర కౌంటర్ ఊపిరి తిప్పుకోకుండా మోగింది.

"ఉద్యోగం ఊడిపోద్దని భయమేసిందండీ. పిన్ను ఊడి కొంగు నేల మీద ఒలికిన మందులో పడింది, చూసుకోలేదు. ఎవరికీ వినబడకూడదని అదే నోట్లో కుక్కుకుని ఏడ్చానండీ" అంది సుగుణ.

మా ఫారంలో పీల్చడానికి, మింగడానికి, గాయానికి గడులున్నాయి. ఏడుపుకి గడి లేదు.

కొలతలు ట్రంకాల్‌లో బొంబాయికి చెప్పాను. అక్కడి కంప్యూటర్లో లెక్కల కోసం అంకెలతో కట్టిన ఒక శరీరం ఉండేది. కోడిగుడ్డులాంటి తల, స్తంభంలాంటి మొండెం, మొహం లేదు. ఆడ, మగ అవయవాలు రెండూ అందులోనే. మేం దాన్ని అర్ధనారి అనేవాళ్ళం. అందులోకి వేల కిరణాలు వదిలి, ఒక్కొక్కటి ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో పాచికలు వేసినట్టు తేల్చేవాళ్ళం. ఒంట్లోంచి బయటికి పోతూ మూత్రాశయంలో చేరిన అయోడిన్ వల్ల పక్కనున్న గర్భాశయానికి ఎంత తగిలిందో అలా తెలిసేది.

అంకె వచ్చింది. తక్కువే. పిండానికి ఇంకా థైరాయిడ్ ఏర్పడలేదు కాబట్టి అయోడిన్ అక్కడ చేరుతుందన్న భయమూ లేదు. ఇదంతా సుగుణకు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ మనిషి కడుపులో బిడ్డుందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

ఖాళీ గర్భసంచి మీద వేసిన లెక్క అది. తొలి నెలలకు శాస్త్రం దాన్ని ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకున్నాను. కానీ ఆమె అడిగాక ఆ మొహంలేని ఒళ్ళు నా కళ్ళ ముందు నుంచి కదిలితే ఒట్టు. నిజంగా భయమేసింది.

అంకె పదింతలైతే ఏమవుద్దో కూడా చెప్పమంది. మళ్ళీ లెక్క చూసుకుని, అప్పటికీ గర్భం తీయించాల్సినంత ఉండదని చెప్పాను.

"అయితే ఉంచుకుంటానండీ" అంది.

మార్చిలో పాప పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని డాక్టరమ్మగారు కార్డు రాశారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి నివేదికలో అంకెకు ముందు ఒక వాక్యం రాశాను: ఈ లెక్క ఏ శరీరం మీద వేసింది, ఆ శరీరంలో ఏమేం లేవు అని. అనవసరమని పైఅధికారులు చాలాసార్లు కొట్టేశారు. నేను మళ్ళీ రాశాను.