పైకి చదివిన మెసేజి

అరవై దాటాక అక్షరాలు నేర్చిన నాకు, పైకి చదివితేనే అర్థమవుతుంది. మా ఐరాల ఊళ్లో పక్కింటి రెడ్డెమ్మ, మొగుడి ఫోను నంబరు వద్దని నర్సమ్మ చేత ఆరోగ్య యాప్‌లో నా నంబరు ఎక్కించింది. ఎందుకో నేను అడగలేదు.

ఒక పొద్దున మెసేజి వస్తే, వీధి కొళాయి దగ్గర గొప్పగా కూడబలుక్కుంటూ చదివాను. "రెడ్డెమ్మకు పిల్లలు పుట్టకుండా వేసిన సూది..."

పారతో పొలానికి పోతున్న రెడ్డెమ్మ మొగుడు విన్నాడు. "మగబిడ్డ పుట్టకముందే సూదా?" అంటూ పార తిరగేసి, కొళాయి కింద బిందె పెట్టిన ఆమె తల మీద కొట్టాడు. నెత్తురు బిందెలోకి కారింది. అడ్డం పోతే నా మణికట్టు విరిచాడు. జనం వాణ్ని పట్టి కట్టేశారు.

ఆసుపత్రిలో నర్సమ్మ, "నంబరు మార్సేదా?" అని అడిగింది.

"అవ్వదే ఉండనీమ్మా," అంది రెడ్డెమ్మ. నా వైపు తిరిగి, "ఈసారి నోరు మూసుకోని సదువు."

అప్పటినుంచి పెదవులు బిగించి చదువుతున్నాను. కష్టంగానే ఉంది.